వేటబూర గారికి విన్నపం

మహారాజశ్రీ ఇంగ్లండు వేటబూర గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయమంటే తమరూ మేమూను. నక్క క్షేమం తమరికే తెలియాలి.

గుర్రాలెక్కి, కుక్కలతో నక్కను తరిమే వేటలో తమరు జానెడు రాగి గొట్టం. కుక్కలను పొదలోకి తోలడానికి ఒక ఊదు, నక్క బయటపడితే ఒకటి, చచ్చాక సాగదీసి మరొకటి. ఇదంతా చీడ నివారణేనని తమ పక్షం వాదన. నివారణ ఎలా ఉంటుందో చెబుతాం. రాత్రిపూట ఒక మనిషి, ఒంటివేడిని బట్టి జంతువును చూపే థర్మల్ స్కోపున్న .223 కొలత రైఫిల్. గాలికి ఎదురుగా నిలబడాలి, తూటా దాటిపోకుండా నక్క వెనక మట్టిగట్టు ఉందో లేదో చూసుకోవాలి, ఛాతీకి ఒకే దెబ్బ కొట్టాలి. షాట్‌గన్‌తో దూరం నుంచి కాలిస్తే గుళ్లు చెదిరి, నక్క గాయంతో పారిపోయి రోజుల తరబడి చస్తుంది. తుపాకీ కూడా పుణ్యాత్మురాలేం కాదు. కానీ ఆ మనిషికి తమ వేటగాళ్ల ఎర్రకోటు అక్కర్లేదు. బూర ఊదితే అసలు పనే చెడుతుంది.

తమ పద్ధతి వేరు. ముందురాత్రి నక్క తిండికి వెళ్లగానే బొరియ నోరు పూడ్చేసేవారు, తెల్లారేసరికి దానికి ఇల్లుండేది కాదు. ఆపైన పదిహేను ఇరవై జతల కుక్కలు. (తమ లెక్క జతల్లోనే, బేసి వస్తే పదిహేడున్నర.) నక్కలు చాలని చోట గొట్టాలు పాతి, చివర గది కట్టి, కాపురానికి పిలిచారు. 19వ శతాబ్దంలోనైతే యూరప్ నక్కలను లండన్ లెడెన్‌హాల్ మార్కెట్లో కొని తెచ్చుకున్నారు. సీజను నవంబరులో మొదలై వసంతానికి ముగుస్తుంది, ఆడనక్క ఈనాలి కదా! పత్తికి మందు కొట్టేవాడు పురుగు గుడ్లు పెట్టేదాకా ఆగుతానంటే రైతు ఊరుకుంటాడా?

2001లో పశువులకు గాలికుంటు వచ్చి, వేట ఆగి తమరు నెలల తరబడి మూగబోయారు. నక్కలు పెరిగాయేమోనని పరిశోధకులు చూస్తే పెరిగిన జాడే లేదు. కొండ ప్రాంతాల్లో గొర్రెల కాపరికి కుక్కల అవసరం కొంత ఉందని కుక్కలతో వేటపై ప్రభుత్వం వేసిన 2000 నాటి బర్న్స్ విచారణ ఒప్పుకుంది, మేమూ కాదనం. అదే విచారణ, తరిమి చంపడం నక్క సంక్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందనీ తేల్చింది.

కుక్కలతో నక్కల వేటను నిషేధించే 2004 చట్టం వచ్చాక తమవారి తెలివి వికసించింది. తుపాకీ ముందుకు తోలడానికి చట్టం రెండు కుక్కలకే ఒప్పుకుంది గానీ, డేగకు తోలితే కుక్కలకు లెక్క లేదు. అందుకని కొందరు గద్దనో గుడ్లగూబనో వెంటేసుకు తిరిగారు. మిగతావారు నక్క మూత్రం పూసిన గుడ్డ ఈడ్చి, కుక్కలు అసలు నక్క మీద పడితే అది అనుకోకుండా జరిగిందన్నారు. సోంపు నూనె ఈడ్చి పరిగెత్తించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. గుర్రాలకూ కంచెలకూ అది చాలు. దానికి మారండి, ఊదుడు తమరికే వదిలేస్తాం.

ఇట్లు,
విధేయులు

తా.క. ఊటీ కొండల మీద తమ ఎర్రనక్క లేదు. అక్కడికొచ్చిన దొరలు మన మామూలు నక్కల వెంట వేటకుక్కలను తోలారు. ఆ పచ్చికలో ఏ గొర్రెపిల్లను కాపాడారో కూడా వీలైతే తెలుపగలరు.