ఇప్పటికి తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధాన సంఖ్య గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 2 టు ది పవర్ 13,62,79,841 మైనస్ 1 గారికి,

పొట్టి పేరుతో పిలుస్తున్నందుకు మన్నించాలి. మీ పూర్తి పేరు విడమరిచి రాస్తే 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. సెకనుకొకటి చొప్పున, నిద్రాహారాలు మానేసి చదివినా 474 రోజులు దాటుతుంది. తీరా చదివాక మొదటి అంకె 8, చివరి అంకె 1 అని తేలుతుంది. అది చదవకముందే తెలుసు.

మీ పక్కింటివాళ్లను చూసైనా నేర్చుకోవద్దా? మీకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్యను 2తో 13 కోట్లకు పైగా సార్లు వరసగా భాగించుకుంటూ పోవచ్చు, ఒక్కసారీ కాదనదు. ఇటు ఒకటి తగ్గితే వచ్చేదేమో 2కీ, 3కీ కూడా లొంగుతుంది. మధ్యలో మీరు మాత్రం 1కీ, మీకూ తప్ప ఇంకెవరికీ భాగం పెట్టరు. ఆస్తి పంపకాల దగ్గర ఇలాంటి పెదనాన్న ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు లెండి.

మీ పరీక్ష సంగతి మరీ విచిత్రం. 2024 అక్టోబరు 11న డబ్లిన్‌లోని ఒక కంప్యూటర్ "బహుశా ప్రధాన సంఖ్యే" అని నసిగింది. మర్నాడు అమెరికాలోని శాన్ ఆంటోనియోలో మరొకటి లూకాస్-లేమర్ పరీక్ష పెట్టి ఖాయం చేసింది. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి, 2 తీసేసి, మీతో భాగించి, శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. మళ్లీ అదే పని. అలా 13,62,79,839 సార్లు. ఆఖరికి సున్నా వస్తేనే పాస్! మా ఇంటర్ రోజుల్లో ఈ పద్ధతి లేకపోయింది, ఎంతమంది గట్టెక్కేవాళ్లో.

మిమ్మల్ని కనిపెట్టిన ల్యూక్ డ్యూరాంట్ గారు మీ కోసం 17 దేశాల్లోని యంత్రాలను అద్దెకు తీసుకుని కాపలా కాయించారు. బహుమతి 3,000 డాలర్లు. అదీ అలబామాలోని ఒక లెక్కల బడికి ఇచ్చేస్తానన్నారు. బుద్ధిమంతుడు.

మరి మీరు చేసే పనేమిటి? ఆన్‌లైన్ లావాదేవీలకు తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి 300 పైచిలుకు అంకెలున్న ప్రధాన సంఖ్యలు రెండు చాలు. కాకపోతే అవేంటో ఎవరికీ తెలియకూడదు. మీరేమో పుట్టుకతోనే పేపర్లకెక్కారు. ఆ ఉద్యోగానికి మిమ్మల్ని ఎవరు పెట్టుకుంటారు?

ఇంకో మాట. 2ను 2తోనే గుణించుకుంటూ పోయి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలది మెర్సెన్ వంశం. అందులో మీది 52వ స్థానం అంటున్నారు గానీ అది ప్రొవిజనల్ సర్టిఫికెట్టే. మీకంటే చిన్నవాళ్లందరినీ ఇంకా రెండోసారి సరిచూడలేదు. మధ్యలో ఎవరైనా నక్కి ఉంటే మీ నంబరు మారిపోతుంది. పైనుంచీ ముప్పే: పది కోట్ల అంకెల ప్రధాన సంఖ్యను పట్టుకొస్తే లక్షా యాభై వేల డాలర్లిస్తామని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా డిజిటల్ హక్కుల సంస్థ ఎప్పుడో ప్రకటించింది. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే తేల్చేశాడు. సన్మానానికి కప్పిన శాలువా జాగ్రత్తగా మడతపెట్టి ఉంచండి, తర్వాత వచ్చేవారికి కప్పాలి.

ఇట్లు,
పదమూడో ఎక్కం దగ్గరే ఆగిపోయిన ఒక పౌరుడు