శాంపిల్ దగ్గరే ఓడిపోతున్న కేసులు

కాలువలోకి విషజలాలు వదిలిన పరిశ్రమపై కేసు నిలవాలంటే ముందు శాంపిల్ నిలవాలి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్‌లో దీనికి పద్ధతి ఉంది. పరీక్షకు పంపుతున్నట్లు కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) సిబ్బంది యాజమాన్యానికి అక్కడికక్కడే నోటీసివ్వాలి. వారి ఎదుటే శాంపిల్‌ను రెండు భాగాలు చేసి సీలు వేయాలి, ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాలి. ఒకటి ల్యాబుకు వెళ్తుంది. యాజమాన్యం కోరితే రెండోదాన్నీ పంపాలి. ఈ పద్ధతి తప్పితే ల్యాబు నివేదిక సాక్ష్యంగా చెల్లదు. పైగా బీఓడీ (నీటిలోని సేంద్రియ వ్యర్థాన్ని కుళ్లించడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) పరీక్షకు తీసిన నీటిని ఐస్ పెట్టెలో 4 డిగ్రీల వద్ద ఉంచి త్వరగా చేర్చకపోతే సీసాలోని సూక్ష్మజీవులే సేంద్రియ వ్యర్థాన్ని తినేస్తాయి. కాలువలో కంపుకొట్టిన నీరు కాగితం మీద మెరుగ్గా కనిపిస్తుంది. ఆ కాగితం చేతికొచ్చాక న్యాయమూర్తి మాత్రం ఏం చేయగలరు?

పర్యావరణ న్యాయస్థానాల బలోపేతంపై దేశదేశాల్లో జరిగే చర్చ ఎక్కువగా జడ్జీల శిక్షణ చుట్టూనే తిరుగుతోంది. అది అవసరమే, కానీ చాలదు. న్యాయమూర్తుల పక్కన శాస్త్రవేత్తలు కూర్చోవాలన్న ఆలోచనకు మన జంట జలాశయాల కేసే ఊతమిచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల నిషేధిత పరిధిలో నూనె కర్మాగారం పెట్టబోగా, ఆ వివాదంలో 1999లో సుప్రీంకోర్టు ఈ లోటును ఎత్తిచూపింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎం.జగన్నాధరావే లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో 186వ నివేదికలో పర్యావరణ కోర్టులను సిఫార్సు చేశారు. 2010లో జాతీయ హరిత ట్రైబ్యునల్ వచ్చింది.

ఈ ట్రైబ్యునల్‌లో కనీసం 10 మంది న్యాయ సభ్యులు, 10 మంది నిపుణ సభ్యులు ఉండాలని చట్టం చెబుతోంది. అయినా ఖాళీల వల్ల ప్రాంతీయ ధర్మాసనాలు పనిచేయక, వాటి కేసులను ఢిల్లీ నుంచి వీడియోలో విన్న రోజులున్నాయి. తెలుగు రాష్ట్రాల కేసులు వినే చెన్నై ధర్మాసనానికీ ఆ గతి తప్పలేదు. నిపుణులు కరవైతే కమిటీల మీద ఆధారపడటం పెరుగుతుంది. తీర్పు చెప్పే బాధ్యతను కమిటీలకు వదిలేయరాదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది కూడా.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1980 నుంచి భూ, పర్యావరణ కోర్టు నడుస్తోంది. అక్కడ ప్రణాళిక, ఇంజినీరింగ్ వంటి రంగాలు తెలిసిన కమిషనర్లు వివాద స్థలానికే వెళ్లి రాజీ చర్చలు మొదలుపెడతారు. ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు 2008లో మనీలా బే శుద్ధికి ఆదేశిస్తూ, కేసులోని ప్రభుత్వ సంస్థలన్నీ మూడు నెలలకోసారి ప్రగతి నివేదిక ఇవ్వాలంది. అందుకు మన సుప్రీంకోర్టు తీర్పులనే ఉదహరించింది! ఆదేశమిచ్చాక అమలునూ కోర్టే గమనించే, మన దగ్గర పుట్టిన ఈ పద్ధతిని వాళ్లు 2010లో ఏకంగా కోర్టు నిబంధనల్లో చేర్చుకున్నారు. ఇక్కడ మాత్రం ఆదేశం వెలువడ్డాక అమలు ఎవరు చూస్తున్నారో బాధితులకు తెలియడం లేదు.

సభ్యుల పదవీకాలం ముగియక ముందే కొత్త నియామకాలు పూర్తిచేయాలి. పీసీబీ క్షేత్ర సిబ్బందికి ఐస్ పెట్టెలు, సీళ్లతో పాటు 21వ సెక్షన్‌పై శిక్షణా ఇవ్వాలి. ప్రతి ఆదేశానికీ గడువు, బాధ్యుడైన అధికారి పేరు రాయాలి. ట్రైబ్యునల్‌లో పరిహారం కోరడానికి 5 ఏళ్ల గడువున్నా, ఇతర పర్యావరణ వివాదాలకు 6 నెలలే. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పొలం పాడైన రైతుకు ఈ సంగతి చెప్పి, తెలుగు కాగితాలను ఇంగ్లిష్‌లోకి మార్చి దరఖాస్తు వేయించే పనిని జిల్లా న్యాయసేవాధికార సంస్థలు చేపట్టాలి.