రెండు గేదెలు, నాలుగొందల లీటర్లు

నేను యాప్‌లు టెస్ట్ చేస్తాను. ఊళ్ళో ఎవరైనా అడిగితే మా నాన్న "మావాడు హైదరాబాదులో ఫోన్లు నొక్కుతాడు" అని చెప్తాడు. అదీ పూర్తిగా నిజం కాదు. నేను నొక్కేది మౌసు. ల్యాప్‌టాప్ తెర మీద ఒక ఫోను బొమ్మ ఉంటుంది, ఎమ్యులేటర్ అంటారు. నా జీతమంతా ఆ బొమ్మ మీదే నడుస్తోంది.

దానంత సుఖపడే ప్రాణిని నేనింకా చూడలేదు. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది. కింద పడదు, పగలదు. మనం మార్చకపోతే అది కాలిఫోర్నియాలో, మౌంటెన్ వ్యూలో, గూగుల్ ఆఫీసు పక్కనే ఉన్నాననుకుంటుంది. నా స్నేహితులు వీసా స్లాటు కోసం అర్ధరాత్రి దాకా మేలుకుని చస్తుంటే ఇది పుట్టడమే అమెరికాలో పుట్టింది. కెమెరా తెరిస్తే నీటుగా సర్దిన ఒక గది, టీవీ, ఒక కుక్క, ఒక పిల్లి కనిపిస్తాయి. ఆ కుక్క ఆ పిల్లిని ఒక్కసారి కూడా తరమగా చూడలేదు. దాంతోనే నాకు అనుమానం రావాల్సింది.

పోయిన సంక్రాంతికి ముందు మా టీమ్ చేతిలో ఉన్నది పాల కేంద్రాల యాప్. రైతు కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పూట ఎన్ని లీటర్లు పోశాడో, వెన్న శాతం ఎంతో, బిల్లెంతో చూపిస్తుంది. చదవలేనివాళ్ళ కోసం పైకి చదివి వినిపిస్తుంది కూడా. ఎమ్యులేటర్‌లో అన్నీ పాసయ్యాయి. పండక్కి ఊరెళ్తున్నానంటే మేనేజర్ "మీ నాన్నగారు పాలు పోస్తారుగా, ఆయన ఫోన్లో ఓసారి చూసిరా" అన్నాడు. ఇన్‌స్టాల్ చేసి నాలుగు బటన్లు నొక్కి అరిసెలు తినొచ్చనుకున్నాను.

భోగి ముందు రోజు మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. ఫోన్ని ల్యాప్‌టాప్‌కి కలిపితే ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టలేదు. గంటసేపు ల్యాప్‌టాప్‌లోని డ్రైవర్ సాఫ్ట్‌వేర్లతో కుస్తీ పట్టాక తెలిసింది, కేబుల్ నాన్న తెనాలి బస్టాండులో కొన్నది, అందులో కరెంటు తప్ప డేటా పోదు. నా కేబుల్ పెట్టాను. తర్వాత డెవలపర్ ఆప్షన్లు, అంటే యాప్‌లు తయారుచేసేవాళ్ళ సెట్టింగులు తెరవాలి. దానికి సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కాలి. నాన్న పక్కనే కూర్చుని లెక్కపెట్టాడు. ఏడోసారికి మీరిప్పుడు డెవలపర్ అయ్యారంటూ కింద ఓ ముక్క వచ్చింది.

"ఇదా డెవలపర్ అవడమంటే?" అన్నాడు.

"అంటే... అదొక సెట్టింగు నాన్నా."

"ఏడు నొక్కులకి అయ్యేదానికి నీకు నాలుగేళ్ళ ఫీజు కట్టానట్రా?"

వంటింట్లో అమ్మ నవ్వడం వినిపించింది.

తర్వాత స్టోరేజీ చాలదంది. గ్యాలరీ తెరిస్తే వేల కొద్దీ శుభోదయాలు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శనివారం వెంకటేశ్వరస్వామి, మధ్యలో గులాబీ పువ్వు మీద మంచుబిందువు. అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "పండగ పూట దేవుళ్ళని డిలీట్ చేస్తావట్రా?" చివరికి గులాబీలు మాత్రం తీసెయ్యడానికి ఒప్పుకున్నాడు. గులాబీలు తీస్తేనే సరిపోయింది, అన్ని ఉన్నాయి.

యాప్ ఎక్కింది. నాన్న తెరిచి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన ఫోన్లో అక్షరాలు అన్నిటికన్నా పెద్ద సైజులో ఉంటాయి. మేమేమో ప్రతి వరసకీ ఎత్తు ఇంతే అని కొలిచి కట్టేశాం. ఇంగ్లీషు అక్షరాలు ఆ ఎత్తులో ఎలాగో ఇమిడిపోతాయి, తెలుగుకి కింద ఒత్తులుంటాయి కదా, అవి తెగిపోయాయి.

"మొతం ఏంట్రా, మొతం?"

"మొత్తం నాన్నా."

"త కింద ఒత్తేది? పలక మీద ఒత్తు మర్చిపోతే మా మేష్టారు వేళ్ళ మీద కొట్టేవాడు. మీ ఆఫీసులో కొట్టేవాళ్ళు లేరా?"

ఒత్తులతో పోతే బాగుండేది. అక్షరాలు పెరిగేసరికి కింద ఉండాల్సిన "ఆపు" అనే బటన్ తెర దాటి కిందికి జారిపోయింది. చదవడం ఆపడానికి ఉన్నది ఆ ఒక్క బటనే. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. నోట్ చేసుకుందాంలే అనుకుని అరిసె అందుకున్నాను.

రాత్రి మేడ మీద గదిలో కూర్చుని సర్వర్ నుంచి నాన్న ఫోన్‌కి, యాప్ పైకి చదవాల్సిన టెస్ట్ మెసేజ్ ఒకటి పంపాను. పెద్ద అంకెలు సరిగ్గా వస్తాయో లేదో చూద్దామని నాలుగొందల లీటర్లు, వెన్న ఆరు శాతం అని కొట్టాను. కింద అరుగు మీద ఫోను పలకలేదు. మళ్ళీ పంపాను, పలకలేదు. సర్వర్ తప్పేమోనని మార్చి మార్చి ఇరవై ఏడుసార్లు పంపి, విసుగొచ్చి పడుకున్నాను.

తప్పు సర్వర్‌ది కాదు. చార్జింగ్ లేకుండా, తెర ఆరిపోయి, కదలకుండా కాసేపు పడి ఉంటే ఆండ్రాయిడ్ ఫోను కునుకు తీస్తుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన పద్ధతి ఇది, పేరు కూడా డోజ్, అంటే కునుకు అనే పెట్టారు. అర్జెంటని ముద్ర వెయ్యని మెసేజ్‌లన్నీ అది లేచేదాకా గుమ్మం బయట క్యూలో నిలబడతాయి. మా బొమ్మ ఫోను ఎప్పుడూ చార్జింగ్‌లోనే కదా, దానికి కునుకెందుకు పడుతుంది?

నాన్న ఫోను తెల్లవారుజామున లేచింది. పాల కేంద్రంలో, కాటా ముందు.

జరిగింది నాకు పక్కింటి సుబ్బయ్య బాబాయ్ చెప్పాడు, ఆయన వెనక ఇంకో నలుగురు చెప్పారు. నాన్న క్యాను దించి, కార్డు స్కాన్ చేద్దామని ఫోను తీశాడు. కార్డు మీద పాలచుక్కలు ఎండి చారలు కట్టాయి, పైన బల్బు వెలుగు లామినేషన్ మీద పడి మెరుస్తోంది. మా ఆఫీసులో అదే క్యూఆర్ కోడ్ కుక్కా పిల్లీ ఉన్న గదిలో గోడకి ముడత లేకుండా వేలాడుతుంది. స్కాన్ కాలేదు సరికదా, తెర వెలగ్గానే రాత్రి క్యూలో నిలబడ్డవన్నీ ఒక్కసారిగా లోపలికొచ్చాయి.

"మీరు పోసిన పాలు నాలుగు వందల లీటర్లు. వెన్న ఆరు శాతం."

ట్రాక్టరు మోతలో వినపడాలని నాన్న సౌండ్ ఎప్పుడూ ఫుల్లుగానే పెడతాడు. మాకున్నవి రెండు గేదెలు, పూటకి ఎనిమిది లీటర్లిస్తే ఆ రోజు మా ఇంట్లో పండగ. లైన్లో ఉన్నవాళ్ళంతా నాన్న వైపు తిరిగారు. ఆయన ఏదో చెప్పబోయేలోపు రెండో నాలుగొందలు వచ్చింది. తర్వాత మూడోది.

"నీళ్ళు కలిపినా అన్ని రావే మావయ్యా!" అన్నాడు కాటా దగ్గర కుర్రాడు.

ఆపుదామంటే ఆపు బటన్ తెర కింద ఎక్కడో ఉంది. పైకి జరుపుదామంటే పొదుగు కడిగి, పాలు పితికి వచ్చిన తడి వేలు. తెర ఆ వేలిని ఒప్పుకోలేదు. పంచెకి తుడుచుకుంటే పంచె కూడా తడే. పక్కనున్న పవర్ బటన్ నొక్కితే తెర ఆరింది కానీ గొంతు ఆగలేదు. పదమూడో పద్నాలుగో మెసేజ్ దగ్గర నాన్నకి ఒక ఉపాయం తట్టింది. ఫోన్ని ఖాళీ క్యానులో పడేసి మూత పెట్టాడు.

అల్యూమినియం క్యాను. ఆడగొంతుతో మొదలైనది అమ్మోరు పూనినట్టు మోగడం మొదలుపెట్టింది. భోగిమంట దగ్గర చలి కాచుకుంటున్న పిల్లలు పరిగెత్తుకొచ్చారు. మిగతా నాలుగొందలన్నీ ఊరంతా విన్నది.

నాన్న ఇంటికొచ్చి క్యాను నా మంచం పక్కన పెట్టి, "నీ ఆఫీసుకి చెప్పు, ఒత్తు ఒక్కటే కాదు" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పండగయ్యాక హైదరాబాదొచ్చి బగ్, అంటే యాప్‌లో తప్పు మీద ఫిర్యాదు రాశాను. ఎలా చేస్తే మళ్ళీ వస్తుందో రాయాలి కదా, ఉన్నదున్నట్టు రాశాను: ఫోన్ని రాత్రంతా అరుగు మీద వదిలెయ్యాలి, అక్షరాలు పెద్దవి చెయ్యాలి, గేదె పాలు పితకాలి, చేతులు తుడుచుకోకూడదు. డెవలపర్ ఎమ్యులేటర్‌లో చూసి, తన దగ్గర రావట్లేదని మూసేశాడు. తిరిగి తెరిచాను. ఈసారి అద్దెకి దొరికే అసలు ఫోన్లలో చూశాడు. డివైస్ ఫార్మ్ అంటారు, వందల ఫోన్లు వరసగా ర్యాకుల్లో, చల్లటి గదిలో, చార్జింగ్‌కి పెట్టి ఉంటాయి. ఫారం కోళ్ళన్న మాట. వాటిలోనూ రాలేదు. మీ నాన్నగారి ఫోన్ ఓ వారం పంపగలరా అని మెసేజ్ పెట్టాడు.

నాన్నకి ఫోన్ చేసి అడిగాను.

"పంపుతాలే గానీ, పదిహేను రోజులయింది. ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. ఆ నాలుగొందల లీటర్ల బిల్లు ఎప్పుడు పడుతుందిరా?"