ఎంపిక మీదేనట!

ప్యాకెట్ తిండి ప్రపంచమంతటా ఇంటి వంటను పక్కకు నెట్టేస్తోందని, అది తెచ్చిపెట్టే జబ్బుల విషయంలో ఇక నాన్చడానికి వీల్లేదని 2025 నవంబరులో లాన్సెట్ వైద్య పత్రిక వరసగా మూడు వ్యాసాలు ప్రచురించింది. 43 మంది నిపుణులు కలిసి చెప్పిన మాట అది. ఆ వివరాలన్నీ ఇక్కడ ఏకరువు పెట్టం. మాకు ఒళ్లు మండుతున్నది వేరే విషయానికి. ఇలాంటి హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఆహార పరిశ్రమ ఒకే పాఠం అప్పజెబుతుంది. ఏం తినాలో ఎంచుకునేది వినియోగదారుడట, తాము అమ్మడం వరకేనట. ఎంపిక మనదట, జబ్బూ మనదేనట, లాభం ఒక్కటే వాళ్లది!

ఫ్యాక్టరీలో తయారయ్యే ఇలాంటి తిండికి పెట్టిన అల్ట్రా ప్రాసెస్డ్ అనే పేరు మరీ విశాలమని, బ్రెడ్‌నూ కూల్‌డ్రింకునూ ఒకే గాటన కట్టడం సరికాదని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లకు, పొయ్యి పెట్టుకోవడానికి చోటు లేనివాళ్లకు ప్యాకెట్ ఆదుకుంటుందన్నదీ నిజం. కాదనం. కానీ వాళ్ల ఇబ్బందిని అడ్డం పెట్టుకుని, వంట చేసుకోగలిగిన కోట్లమందిని కూడా పొయ్యి దగ్గరకు పోనివ్వకుండా చేసే వ్యాపారాన్ని ఎలా సమర్థిస్తాం?

ఎంచుకోవాలంటే ముందు ఏముందో తెలియాలి కదా. ఒక టొమాటో సూప్ పొడి ప్యాకెట్ తీసుకుని తిప్పి చూడండి. ముందువైపు నిగనిగలాడే టొమాటో, దాని మీద మంచు బొట్లు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో పదార్థాల జాబితా. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది చాలా దేశాల్లో నియమం. ఆ లెక్కన చాలా ప్యాకెట్లలో ముందు వరసలో ఉండేవి మొక్కజొన్న పిండి, చక్కెర, ఉప్పు. టొమాటో వాటి మధ్యనో వెనకో నక్కి ఉంటుంది, అదీ పొడిగా. చివర్లో 627, 631 అని అంకెలు. అవి రుచిని ఎగదోసే పదార్థాల గుర్తులని ఎంతమందికి తెలుసు? పక్కనే ఉన్న పోషకాల పట్టికలో ఉప్పు ఫర్వాలేదనిపించేలానే ఉంటుంది. ఎందుకంటే ఆ లెక్క ఒక సర్వింగ్‌కు, అంటే ఒకసారికి ఇంత అని కంపెనీ అనుకున్న మోతాదుకు. ప్యాకెట్‌లో ఎన్ని సర్వింగులున్నాయో ఇంకో మూల రాస్తారు. ఆకలితో ఉన్న మనిషి మొత్తం కలుపుకుని తాగేస్తాడని ఆ పట్టిక వేసినవాళ్లకు తెలియదా?

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచం సగటున తింటున్నది దానికి రెట్టింపు పైనే. ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో చాలా రకాలు ఒక్క ప్యాకెట్‌తోనే ఆ కోటాలో పెద్ద వాటా మింగేస్తాయి. ఇంట్లో వండుకుంటే ఉప్పు డబ్బా మన చేతిలో ఉంటుంది, చిటికెడు తగ్గించుకోవచ్చు. ప్యాకెట్‌లో ఆ చిటికెడు ఫ్యాక్టరీ ముందే వేసేసింది. మరి ఎంపిక ఎవరిది?

ఈ సంగతి ప్యాకెట్ ముందువైపు పెద్దగా రాయమంటే మాత్రం పరిశ్రమకు ప్రాణం మీదికొస్తుంది. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు మీరిన తిండి మీద నల్లటి అష్టభుజి ముద్రలు వేయించింది, పిల్లలను లాగే కార్టూన్ బొమ్మలను ప్యాకెట్ల మీంచి తీయించింది. మెక్సికో 2020లో అదే దారి పట్టింది. రెండుచోట్లా కంపెనీలు అడ్డుపడ్డాయి. ఇంగ్లాండులో చక్కెర ఎక్కువున్న తిండిని దుకాణాల్లో కళ్లెదుట పేర్చకూడదన్న నిబంధన రాబోతుంటే కార్న్‌ఫ్లేక్స్ లాంటి సీరియల్స్ అమ్మే కెలాగ్స్ కంపెనీ కోర్టుకెక్కింది. జనం సీరియల్‌ను పాలు పోసుకుని తింటారు కాబట్టి ఆ పాలను కూడా కలిపి పోషక మార్కులు లెక్కగట్టాలన్నది దాని వాదన. 2022 జులైలో హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. పాలు కొనేది మనం, పోసుకునేది మనం, మంచి మార్కులు మాత్రం ప్యాకెట్‌కు పడాలి! నిజంగా ఎంపిక మీద అంత గౌరవం ఉన్నవాళ్లు సమాచారాన్ని చూసి ఎందుకు బెదురుతారు?

ఈ పాఠం మొదట నేర్చింది సిగరెట్ కంపెనీలు. కాల్చేది వాళ్ల ఇష్టం కొద్దీ అని దశాబ్దాలపాటు వాదించింది వాళ్లే. ఆ సిగరెట్ కంపెనీల్లో ఒకటైన ఫిలిప్ మోరిస్ 1985లో జనరల్ ఫుడ్స్ అనే ఆహార కంపెనీని, 1988లో క్రాఫ్ట్ అనే ఇంకో ఆహార కంపెనీని కొనేసింది. ఇంకో సిగరెట్ దిగ్గజం ఆర్.జె. రెనాల్డ్స్ 1985లోనే బిస్కెట్ల కంపెనీ నబిస్కోను తనలో కలుపుకుంది. తర్వాత చేతులు మారాయి, నిజమే. వాదన మాత్రం మారలేదు.

ఇక చవక సంగతి. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్ తెచ్చినప్పుడు వాటి ధర తాజా నూడుల్స్ కంటే ఎక్కువ. యుద్ధం తర్వాతి ఆకలిని చూసిన మనిషి ఆయన, ఆ ఆలోచనను తప్పుపట్టం. ప్యాకెట్ పుట్టుకతోనే చవక అనే నమ్మకం మాత్రం తర్వాత తయారైనది. భారీ ఉత్పత్తి, చవక నూనె, చవక పిండి, చవక చక్కెర కలిసి ఆ ధరను దించాయి. పైగా చవకగా కొన్నది ఎంత తినిపిస్తుందో కూడా లెక్కలోకి రావాలి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందిని ఆస్పత్రిలో ఉంచి రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. రెండింటిలోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానం. కావలసినంత తినమన్నారు. ప్యాకెట్ తిండి వంతులో రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు. మామూలు తిండి వంతులో అంతే తగ్గారు. ఒకే మనుషులు, అదే ఆకలి. ఇక్కడ ఎంచుకున్నది నాలుకా, తయారీదారుడా?

ఆ ప్రయోగంలో తాజా భోజనానికే ఖర్చు ఎక్కువైందని పరిశ్రమ వైపు వాళ్లు వెంటనే గుర్తుచేస్తారు. అయింది. తాజా పళ్లు, గింజలు, చేపలు ఉన్న మెనూకు ఖర్చవుతుంది. సాదా వంట అంటే అది కాదు. బియ్యం, పప్పు, గుడ్లు, బంగాళాదుంప, ఉల్లి, చేతికందిన కూర. బియ్యం ఉడికితే బరువు దాదాపు మూడింతలవుతుంది. 100 గ్రాముల ఎండు పప్పులో మాంసకృత్తులు 20 గ్రాములకు పైనే ఉంటాయి. సూప్ పొడి ఎంత ఉడికించినా ఆ లెక్క రాదు.

టైమ్ లేదంటారు. గ్లాసుడు ఎర్రపప్పు కడిగి, మూడు గ్లాసుల నీళ్లు పోసి, ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు తరిగి వేసి పొయ్యి మీద పెట్టండి. మొదట నురగ పొంగి మూతను ఎగదోస్తుంది. మూత ఓరగా జరిపి మంట తగ్గిస్తే సరి. 20 నిమిషాలకు గరిటెతో నొక్కితే మెత్తగా చితుకుతుంది. అప్పుడు ఉప్పు. ఇందులో మనిషి నిలబడి చేసే పని ఐదు నిమిషాలకు మించదు, మిగతా పని మంటదే. ప్రకటనల్లో మాత్రం మొత్తం టైమును వంట ఖాతాలో రాస్తారు. ప్యాకెట్ మీద వేసే నిమిషాలేమో నీళ్లు మరిగాక మొదలవుతాయి. ఈ చిన్న మోసాన్ని ఎవరూ పట్టించుకోరెందుకో!

ఇంటి వంట గొప్పదని చెప్పి గరిటెను ఇంట్లో ఆడవాళ్ల చేతికే తగిలించే పెద్దమనుషులతో మాకు పొత్తు లేదు. బ్రెజిల్ ప్రభుత్వం 2014లో తెచ్చిన ఆహార మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. వంట నేర్చుకోండి, చేయండి, ఇంట్లో అందరూ పంచుకోండి అన్నాయి. ఉల్లిపాయ తరగడం మగపిల్లలకు రాకపోవడం గొప్ప కాదు. వంట రాదని నలుగురిలో నవ్వుతూ చెప్పుకోవడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. లెక్కలు రావని కూడా అలాగే చెప్పుకుంటారా?

మా అసలు భయం ఇక్కడే ఉంది. వండడం తెలిసినవాడికి ప్యాకెట్ ఒక దారి మాత్రమే. ఒంట్లో బాగా లేని రోజున వాడుకుంటాడు, మర్నాడు పొయ్యి వెలిగిస్తాడు. వండడం తెలియనివాడికి ఇంకో దారి లేదు. అమ్మానాన్నలు ఎప్పుడూ వండగా చూడని పిల్లలు రేపు ఎవరిని చూసి నేర్చుకుంటారు? వంట కష్టం, వంట మురికి పని, వంట టైమ్ వేస్ట్ అని ప్రకటనల్లో నూరిపోసి, ఆ పని చేతకాని తరాన్ని తయారుచేసి, ఆనక వాళ్లే ప్యాకెట్‌ను ఎంచుకున్నారనడం కంటే దగా ఉంటుందా?

ప్రభుత్వాలకూ రెండు మాటలు. జపాన్ 2005లోనే ఆహార విద్య కోసం చట్టం చేసింది. ఇంగ్లాండు 2014 నుంచి బడి పాఠాల్లో వంటను చేర్చింది. చేయాలనుకుంటే దారులున్నాయి. చాలాచోట్ల జరుగుతున్నది వేరు. ఆరోగ్య దినోత్సవం నాడు ఇంటి భోజనమే మేలంటూ పోస్టర్లు వేస్తారు. హెచ్చరిక ముద్రల ఫైలు మీద కమిటీ తర్వాత కమిటీ వేసి, ఆ కమిటీలో కంపెనీల మనుషులకు కుర్చీలు వేస్తారు. పిల్లలు చక్కెర తగ్గించాలని ఉపన్యాసమిచ్చిన బడి ఆవరణలోనే కూల్‌డ్రింకుల మెషీన్‌కు అనుమతి ఇస్తారు. పిల్లల ఎంపికను తప్పుపట్టే ముందు ఆ అనుమతి మీద సంతకం చేసిన అధికారి ఎవరో బయటపెట్టండి, మెషీన్ పీకించండి, ఫైలు కదపండి. ఆ తర్వాత రండి మాకు నీతులు చెప్పడానికి.