ఫోటో గారూ, కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?

పని జరిగిన చోటు గుర్తుతో సహా దిగే శ్రీయుత జియోట్యాగ్ ఫోటో గారికి,
చిత్తూరు, తిరుపతి జిల్లాల పంటకుంటల గట్ల మీద నుంచి రాయునది.

మీరు క్షేమమని తలుస్తాం. మీ క్షేమానికి లోటేముంది లెండి! మీరు ఆన్‌లైన్లో ఎక్కితే చాలు, వీడియో కాన్ఫరెన్సులో చూపే ప్రగతి పట్టికలో అప్పటిదాకా ఎర్రగా ఉన్న గడి పచ్చబడుతుంది. పొలం పచ్చబడిందా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ముందు మీ గొప్ప ఒప్పుకోవాలి. మీరు రాకముందు కాగితం మీదే కుంట తవ్వి, ఆ కాగితం మీదే పూడ్చేసిన ఘనులు ఉండేవారు. 2017 నవంబర్ నుంచి ఉపాధి హామీ పనులకు పనికి ముందు, పని నడుస్తుండగా, పని అయ్యాక అని మూడుసార్లు మిమ్మల్ని తీసి ఇస్రో వారి భువన్ పటం మీదికి ఎక్కించడం మొదలయ్యాక ఆ విద్య కాస్త కష్టమైంది. నిశ్చితార్థం, తాళి, అప్పగింతలు మూడూ ఆల్బంలో ఉన్నాయి కాబట్టి పెళ్లి జరిగిందని నమ్ముతున్నాం. కాపురం ఎలా ఉందని కూడా ఆ ఆల్బంనే అడుగుతున్నారు చూడండి, మా బాధ అది.

మా వైపు సాక్ష్యం తేలకపోతే కాణిపాకం పోయి ప్రమాణం చెయ్యమంటారు. అక్కడ స్వామి బావిలో వెలిశాడు కాబట్టి నీళ్ల లెక్క ఆయనకు బాగా తెలుసు. ఆయన ముందు నిలబడి ఈ నాలుగు మాటలకు బదులు చెప్పండి.

కుంట ఎంత? మీలో గట్టు మీద టేపు పట్టుకుని ఇద్దరు నవ్వుతుంటారు. పొడవు 10 మీటర్లు, వెడల్పు 10, లోతు 2. గుణించి 200 ఘనపు మీటర్లని రిపోర్టులో రాసేస్తారు. కుంట గోడలు నిట్టనిలువుగా ఉంటే మొదటి వానకే కూలతాయి కదా. మీటరు లోతుకు మీటరు వాలు పెడితే అడుగు 6 × 6కి వస్తుంది. పైన 100 చదరపు మీటర్లు, అడుగున 36, సగం లోతులో 8 × 8, అంటే 64. ఆ 64ను నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, లోతుతో గుణించి ఆరుతో భాగిస్తే 131కి కాస్త తక్కువ. ఎం-బుక్ (కొలతల పుస్తకం) సరిగ్గా రాసే టెక్నికల్ అసిస్టెంటుకు ఇది కొత్తేం కాదు. మిమ్మల్ని చూసి గుణకారం చేసేవాళ్లే తక్కిన 69 ఘనపు మీటర్ల గాలిని కూడా కూలీలతో తవ్వించేస్తున్నారు.

ఆ 131 ఘనపు మీటర్లు ఎందుకట? ఇంకిపోయేది, ఆవిరయ్యేది పక్కన పెడితే ఎకరా చెనిక్కాయకు (వేరుశనగకు) మూడు సెంటీమీటర్ల పైచిలుకు తడి. ఒక్కటంటే ఒక్క తడి. ఊడలు నేలలోకి దిగే వేళ వాన మొహం చాటేస్తే ఆ ఒక్క తడే పంటను నిలబెడుతుంది. కుంట పుట్టిందే దానికోసం. మీరేమో నవంబర్ వాయుగుండానికి నిండిన కుంట ముందు మెరిసిపోతూ కనిపిస్తారు. అప్పటికి ఖరీఫ్ చెనిక్కాయ పీకి, కాయ ఎండబెట్టేసి ఉంటారు. ఎండు రోజుల్లో కుంటలో మోకాలి లోతైనా ఉందా, ఉంటే ఎత్తిపోయడానికి ఇంజను, పైపులు రైతుకు దొరికాయా? ఈ రెండూ మీ చట్రంలో పట్టవు. కుంటలో అంకెలు రాసిన కర్ర ఒకటి పాతి, వారానికోసారి మట్టం చూసి రాసుకుంటే పట్టేవి. కర్రకు యాప్ లేదు, అదీ దాని తప్పు.

బోర్లలో నీళ్లు పైకి లేచాయంటున్నారు, అది కుంట పుణ్యమా, వాన పుణ్యమా? ఇక్కడ మాత్రం కాసేపు కూర్చోవాలి. 2021 నవంబర్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు ఎక్కడ గండి పడుతుందోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వాన తర్వాత ఏ పథకం పెట్టినా, పెట్టకపోయినా నీళ్లు పైకొస్తాయి. అందుకే పక్కూరు కావాలి. అదే నేల, అదే వాన, కుంటలు మాత్రం లేని ఊరు. కుంటలున్న ఊళ్లో నీటిమట్టం 40 మీటర్ల లోతు నుంచి 28కి వచ్చిందనుకుందాం. 12 మీటర్లు, చప్పట్లు. పక్కూళ్లో కుంటల్లేకుండానే 41 నుంచి 31కి వచ్చిందనుకోండి. పది వాన ఖాతాలో పోగా కుంటలకు మిగిలేది రెండు. అదీ రెండూళ్లూ అంతకు ముందు నాలుగైదేళ్లు ఒకే తీరుగా పడుతూ లేస్తూ వచ్చాయని చూసుకున్నాకే. మీ "పనికి ముందు" ఫోటోను బేస్‌లైన్ (పోలికకు మొదటి లెక్క) అని ఫైల్లో పెడుతున్నారు. అందులో ఉన్నది బీడు నేల, ఒక వేపచెట్టు. మట్టం ఏది, తడులెన్ని, దిగుబడి ఎంత?

మట్టం కొలవడం కూడా తేలికేం కాదు. మోటారు ఆడుతున్న బోరులో టేపు దింపితే దిగజారిన మట్టమే చూపిస్తుంది. మన రైతుల మోటార్లకు ఆటో స్టార్టర్లుంటాయి, కరెంటు వచ్చిన మరుక్షణం అవే లేస్తాయి. కాబట్టి కరెంటు రాకముందే పోవాలి. మేలో ఒకసారి, నవంబర్లో ఒకసారి, అదే బోరులో. జిల్లా సగటుతో పని కానిచ్చేద్దామనుకునేవారికి ఇంకో మాట: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకు ముందరి చిత్తూరు జిల్లా, ఇప్పటి చిత్తూరు జిల్లా ఒక్కటి కావు. మండలాల వారీగా విడగొట్టకుండా పోల్చితే పథకం కాదు, సరిహద్దు పనిచేసినట్టు తేలుతుంది.

ఇక నాలుగోది, మిమ్మల్ని ఎవరు ఎంచారు? తనిఖీకి వచ్చినవారు ఫీల్డ్ అసిస్టెంటును "మంచి కుంటలు చూపించబ్బా" అంటారు. ఆయన పాపం మర్యాదస్తుడు, తారురోడ్డు పక్కవే చూపిస్తాడు. జాబితాలో 340 కుంటలుండి 34 చూడాలంటే పదికొకటి. ఒకటి నుంచి పది దాకా చీటీలేసి ఒకటి తియ్యాలి. ఏడు వస్తే 7, 17, 27... అలా చివరిదాకా. ఇరవై ఏడో కుంట దగ్గరికి పోతే అక్కడ టమోటా మళ్లుంటాయి. "దీని బదులు ఇరవై ఎనిమిది చూద్దాం సార్, దగ్గరే" అంటారు. ఆ మాట వినగానే సర్వే చచ్చిపోతుంది. కుంట లేకపోవడమే ఆ రోజు దొరికిన సమాచారం, దాన్ని అలాగే రాయాలి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా అయిదారు మీటర్లు అటూ ఇటూ పోతుంది కాబట్టి, చుట్టుపక్కల ఓసారి వెతికాకే రాయాలి.

రైతును అడిగే తీరు గురించి మీకు చెప్పి లాభం లేదు, మీకు నోరు లేదు కదా. "కుంట వల్ల లాభమా పెద్దాయనా?" అంటే "లాభమే సామీ" అంటాడు. జీపు దిగినవాడితో ఇంకేమంటాడు? "పోయిన ఆగస్టులో చెనిక్కాయకు నీళ్లు కట్టారా? ఎన్నిసార్లు? యాడ నుంచి?" అంటే వేళ్లు మడిచి లెక్క చెబుతాడు.

సోషల్ ఆడిట్ ఉంది కదా అంటారేమో. ఆ ఆడిట్ వాళ్లు ఇంటింటికీ తిరిగి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) సరిచూసి, గ్రామసభలో చదువుతారు. డబ్బు ఎవరికి చేరింది, ఎవరు మింగారు, అది వాళ్ల పని. మింగకుండా తవ్విన కుంట కూడా తప్పు చోట తవ్వితే ఎండిపోతుంది. మీ చలవ వల్ల ఆ తప్పు చోట్లూ పెరుగుతున్నాయి. వాగునీరు ఏ వాలున వస్తుందో చూడకుండా ఫోటో తీయడానికి అనువైన చోట తవ్వేస్తున్నారు. నీళ్లు వచ్చే మూతి దగ్గర మట్టిని ఆపే ఒండ్రు గుంట లేకపోవడంతో కుంట రెండేళ్లకే సగం పూడిపోతోంది. "పని అయ్యాక" ఫోటో తర్వాత మిమ్మల్ని తీసేవాడు లేడు గనక ఆ సంగతి భువన్‌కు తెలియదు. 1952లో ప్రణాళికా సంఘం పథకాలను మదింపు చెయ్యడానికని ఓ సంస్థ పెట్టింది. 2015లో అది నీతి ఆయోగ్‌లోని మదింపు కార్యాలయం డీఎంఈఓలో కలిసింది. ఇంతకాలమూ అడుగుతూ వచ్చిన ప్రశ్నకు ఓ సెల్ఫీ బదులు చెబుతుందనుకోవడం ఏం ధైర్యమో!

కోపగించుకోకండి, మీకూ పని ఉంది. అయిదేళ్లపాటు ఏటా ఆగస్టు నెలాఖరున అదే గట్టు మీద, అదే దిక్కుకు తిరిగి, పాతిన కర్ర మీది అంకె కనబడేలా దిగండి. మధ్యలో మనుషులు నిలబడకూడదు, బ్యానరు అసలే వద్దు. వచ్చే ఆగస్టులో మొదటిది పెట్టుకుందాం. పొద్దున ఆరింటికల్లా రండి, కరెంటు వచ్చేలోపు పక్క బోరులో టేపు కూడా దింపాలి.

ఇట్లు,
టేపు, అంకెల కర్ర, చీటీల డబ్బా

తా.క.: ఇరవై ఏడో కుంట రైతు టమోటాలు బాగానే కాశాయి. నీళ్లు పక్కవాళ్ల బోరువట.