కదలని బల్ల

కడపలో కాపురం ఉంటూ పని బల్ల కట్టెతో చేయించుకుంటానన్న మనిషిని చూసి వీధి వీధంతా జాలిపడింది. ఈ ఊరి పేరు పెట్టుకున్న నల్ల బండలు ఎక్కడెక్కడి వంటగదుల్లోనో పరుచుకుని ఉన్నాయి. ఇక్కడైతే కబురు పంపితే చాలు, ట్రాక్టరులో వచ్చి గుమ్మం ముందు దిగుతాయి. "రెండు పక్కలా ఇటుక గోడ లేపి మీద బండ వేయించండి సార్, మనవళ్ల కాలం దాకా చెక్కుచెదరదు" అన్నాడు పక్కింటి మేస్త్రీ. "బండ మీద ఉలి జారితే ఉలి మొన పోతుంది. కట్టె మీద జారితే కట్టెకు గాటు పడుతుంది, అంతే" అన్నాడు మా బావ. నిజమే. ఆయన చెప్పేవన్నీ నిజాలే. చిక్కల్లా చేసే పనులతోనే.

బావ మెకానికల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాడు. వడ్రంగం మీద మోజు ఆ తర్వాత పుట్టింది. పెరట్లో రేకుల షెడ్డు వేయించి, పనిముట్లన్నీ కొని గోడకు వరుసగా తగిలించాడు. బల్ల ఒక్కటే తక్కువ. అది కాస్తా లేకపోవడంతో అక్క భోజనాల బల్ల మీద పీట కోయబోయాడు. ఆ పూట ఏం జరిగిందో ఇద్దరూ చెప్పరు గానీ, పని బల్ల చేయించుకోవడానికి అనుమతి మాత్రం ఆ రాత్రే వచ్చేసింది.

బల్ల గురించి ఆయన చేసినంత పరిశోధన కొందరు పెళ్లి సంబంధాలకు కూడా చేయరు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు వడ్రంగులు అయిదారు అంగుళాల మందమున్న పలకల మీద పనిచేసేవారని నాకు ఫోన్లో బొమ్మలు చూపించాడు. "తేలిక బల్ల మీద చిత్రిక పడితే చెక్క నున్నబడదు, బల్ల నడుస్తుంది. దీనికి బరువే బలం" అన్నాడు. తర్వాత ఎత్తు. నిటారుగా నిలబడి చెయ్యి వదులుగా వేలాడేస్తే మణికట్టు దగ్గరికి రావాలట. టేపు పట్టుకునే పని నాది. 34 అంగుళాలు వచ్చింది. "ఈ లెక్క నా వంటగట్టుకు ఎప్పుడైనా వేశారా?" అని అక్క లోపలినుంచి అడిగింది. బావ టేపు చుట్టేశాడు.

టింబరు డిపోలో టేకు ధర విని వచ్చాక ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అంతలో దేవుని కడప దారిలో ఎవరో ఇల్లు కట్టుకుంటూ పెద్ద వేపచెట్టు కొట్టించారు. వంటచెరకు ధరకే మాను దొరికింది. సామిల్లులో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం పలక ఒకటి కోయించి, కాళ్లకూ పట్టెలకూ కావలసినది వేరుగా తీయించాడు.

అప్పుడే కోసిన వేప చేవ ఎర్రగా ఉంటుంది. మా జిల్లాలో ఎర్రటి కట్టె మీద పట్ట కప్పి ఆటోలో తీసుకుపోవడం ఎలాంటి పనో వేరే చెప్పాలా? శేషాచలం, పాలకొండలు, లంకమల కొండలు చుట్టూ పెట్టుకున్న ఊరు ఇది. ఎర్రచందనం పేరు చంటిపిల్లలకు కూడా తెలుసు. ఏడు రోడ్ల కూడలిలో ఆటో ఆగితే, మోటారుసైకిలు మీదున్న ఒక పెద్దమనిషి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "టన్ను ఎంత?" అని అడిగాడు. ఆటో డ్రైవరుకు ముచ్చెమటలు పోశాయి. బావ దిగిపోయి, పట్ట తీయించి, సాక్ష్యానికి ఆకులున్న వేపకొమ్మలు నాలుగు విరిచి తెచ్చి పలక మీద నిలువుగా గుచ్చాడు. అక్కడినుంచి అనుమానించినవాడు లేడు. అయితే మా వీధి మలుపులో ఒక ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆటో ముందు వారు పోసి, చెంపలు వేసుకుంది. పసుపు, కుంకుమ ఏవని నన్నే అడిగింది.

పని చేయడానికి వచ్చిన ఆచారికి బల్ల అవసరమే లేదు. ఆయన నేల మీద కూర్చుని, కట్టెను కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించి, చిత్రిక ఒక్క లాగు లాగితే ఉల్లిపొరలాంటి పొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ బయటికి వస్తుంది. కట్టె వెంట్రుకవాసి కదలదు. ఆ వేళ్లను బావ చాలాసేపు చూశాడు గానీ పైకి ఏమీ అనలేదు.

"పచ్చి చెక్క సార్. అంగుళానికి ఏడాది చొప్పున నీడలో ఆరాలి. పైగా నట్టనడుమ మాను గుండెలోని మెత్తటి బెండు ఉంది" అన్నాడు ఆచారి. నాలుగేళ్లు ఆగేది లేదన్నాడు బావ. కాళ్లను కూర్చే కుసులు, అవి దూరే బెజ్జాలు ఆచారి ఇష్టానికే వదిలేశాడు. పలకకు మాత్రం అడుగున రెండు ఇనుప పట్టీలు అడ్డంగా వేసి బోల్టులు బిగించాల్సిందేనన్నాడు. "అయితే పట్టీకి బెజ్జాలు కోలగా పెట్టండి సార్. చెక్క పొడుగున తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. ఈ వెడల్పు పలక ఆరేసరికి అంగుళం దాకా లోపలికి వస్తుంది. దాన్ని రానివ్వాలి." "బెజ్జం వదులైతే బల్ల వదులవుతుంది" అని బావ స్పానరు అందుకున్నాడు. తన ఉద్యోగమంతా ఏ బోల్టునూ వదులుగా వదిలినవాడు కాదు.

శివరాత్రికి బల్ల తయారైంది. నేనూ మేస్త్రీ కలిసి పక్కనుంచి నెట్టాం. నా చెప్పు తెగింది, బల్ల కదల్లేదు. బావ ముఖం చూడాలి ఆ రోజు!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మరి పచ్చి వేప ఎంత? అందరం మిద్దె మీద పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక పెరట్లో 'ఢాం' అంది. సీమలో రాత్రిపూట పెద్ద చప్పుడైతే బయటివాళ్లు ఏమనుకుంటారో మాకు తెలుసు, అది సినిమావాళ్ల పుణ్యం. మేమైతే ముందు గ్యాసు సిలిండరు అనుకున్నాం. మేస్త్రీ ట్రాన్స్‌ఫార్మరు అన్నాడు, వీధిలో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నా ఆ మాట వదల్లేదు. ఎదురింటివాళ్లు తలుపులు బిగించుకుని కిటికీలోంచి అడిగారు. టార్చిలైట్లు అన్నీ తిరిగి తిరిగి చివరికి షెడ్డులోకి వెళ్లాయి. బల్ల ఈ కొసనుంచి ఆ కొసదాకా, బెండు వెంట, వేలు దూరేంత సందుతో విచ్చుకుని ఉంది. ఎవరూ నోరు మెదపలేదు. బావ వంగి, బల్ల కిందికి లైటు వేసి చూసి, తృప్తిగా లేచాడు.

"చూశావా, బోల్టు ఒక్కటీ సడలలేదు."

పొద్దున్నే ఆచారి వచ్చాడు. నేను ముందే చెప్పానని అనలేదు, అంటే బావకు కాస్త తేలికగా ఉండేదేమో. టీ తాగి, బోల్టులు విప్పించి, పగులుకు రెండు పక్కలా రంపం పెట్టి బెండు భాగం కోసి అవతల పడేశాడు. పట్టీల బెజ్జాలు కోలగా సాగదీయించి, రెండు పలకలనూ నడుమ రెండు వేళ్ల సందు వదిలి బిగించాడు. బల్ల ఇప్పుడు మునుపటికన్నా బాగుంది. క్లాంపు ఆ సందులోంచి దూరుతుంది, పొట్టు కిందికి రాలిపోతుంది.

వచ్చినవాళ్లకు బావ ఆ సందు చూపించి, "ఇది కావాలనే వదిలించాను. విదేశాల్లో కూడా ఇలాగే చేస్తారు" అని చెబుతున్నాడు. విదేశాల్లో చేసే మాట నిజమే. మొన్న నేను వెళ్లేసరికి అందులో ఉలులు, ఒక చిన్న రంపం, వాటి పక్కన అక్క అట్లకాడలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఇవి కూడా విదేశాల పద్ధతేనా అని అడిగాను.

"అది మీ అక్క చేసిన సవరణ" అన్నాడు బావ.