ఆటాడితే చదువు అటకెక్కినట్టేనా? ఆ మెసేజ్‌కి నా జవాబు

గుంటూరులో ఉండే మా బాబాయిగారి అబ్బాయి పోయిన వారం ఒక వాట్సాప్ మెసేజ్ పంపి, "అక్కా, నువ్వు అక్కడే ఉన్నావుగా, ఇది నిజమేనా?" అని అడిగాడు. అప్పటికే అది మా చుట్టాల గ్రూపులో మూడుసార్లు, ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో రెండుసార్లు తిరిగింది. అందులో ఉన్నది ఇదీ: అమెరికా కాలేజీల్లో ఆటలాడే పిల్లల్లో సగం మందికి డిగ్రీ చేతికి రాదు. వచ్చినా అది దొంగ క్లాసుల పుణ్యం. బంతి బాగా విసిరితే చాలు, చదువు రాకపోయినా సీటిచ్చేస్తారు. ఆటలో తిరిగే బుర్రకి పుస్తకం ఎక్కదు. కాబట్టి పదో తరగతి అవగానే పిల్లల చేత ఆట మాన్పించండి, లేకపోతే రెంటికీ చెడ్డ రేవడులవుతారు.

మావాడి కూతురు ఈ ఏడాదే ఇంటర్‌లో చేరింది. ఏడేళ్ళుగా షటిల్ ఆడుతోంది. అందుకే వాడు ఈ మెసేజ్‌ని చదివి పక్కన పెట్టలేకపోయాడు. నేనూ పెట్టలేకపోయాను. ఇక్కడ ఎమ్మెస్ చేసేటప్పుడు రెండేళ్ళపాటు మా యూనివర్సిటీ ఆటగాళ్ళకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెప్పాను. ఆ పిల్లల్ని దగ్గరగా చూసినదాన్ని. ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

మొదటిది, సగం మందికి డిగ్రీ రాదన్న మాట. ఆ "సగం" గాల్లోంచి ఊడిపడలేదు. అమెరికా ప్రభుత్వం కట్టే లెక్క ఒకటుంది. కాలేజీలో చేరిన విద్యార్థి ఆరేళ్ళలోపు అదే కాలేజీలో డిగ్రీ పూర్తి చేశాడా లేదా అన్నది అది చూస్తుంది. "అదే కాలేజీలో" అన్న మాట దగ్గరే అంతా ఉంది. రెండో ఏడు ఇంకో యూనివర్సిటీకి మారి, అక్కడ మంచి మార్కులతో పట్టా తీసుకున్నా సరే, మొదటి కాలేజీ ఖాతాలో ఆ పిల్లవాడు డిగ్రీ పూర్తి చేయనివాడి కిందే లెక్క. బాస్కెట్‌బాల్ అబ్బాయిలు కాలేజీలు తెగ మారుతుంటారు. కోచ్ వెళ్ళిపోతే వాళ్ళూ వెళ్ళిపోతారు, ఆడే అవకాశం రాకపోయినా వెళ్ళిపోతారు. అందుకే ఆ ఒక్క ఆటలో ఈ లెక్క చాలా ఏళ్ళు 50 శాతం దరిదాపుల్లోనే ఉంటూ వచ్చింది. ఎవరో ఆ ఒక్క ఆట అంకెని తెచ్చి ఈతగాళ్ళకీ, పరుగు పందేల వాళ్ళకీ, టెన్నిస్ పిల్లలకీ అంటగట్టారు. అన్ని ఆటలూ కలిపి చూస్తే, అదే ప్రభుత్వ లెక్కలో, పై స్థాయి అయిన డివిజన్ 1 ఆటగాళ్ళూ అక్కడి మామూలు విద్యార్థులూ దాదాపు సమానంగా ఉన్నారు.

కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఇంకో లెక్క చెబుతుంది. మంచి మార్కులతో వేరే కాలేజీకి మారినవాళ్ళను ఇందులోంచి తీసేసి, బయటినుంచి వచ్చి చేరినవాళ్ళను కలుపుకుంటారు. 2002లో 74 శాతం ఉన్న ఆ అంకె 2023కి 91 అయింది. ఆటలను వెనకేసుకొచ్చేవాళ్ళు ఈ 91ని పట్టుకొచ్చి, మామూలు విద్యార్థుల ప్రభుత్వ లెక్క పక్కన నిలబెట్టి, "చూశారా, ఆటగాళ్ళే మెరుగు" అంటుంటారు. అదీ తప్పే. మామూలు విద్యార్థులకు ఆ పద్ధతిలో లెక్క కట్టరు, కాబట్టి ఆ పోలిక కుదరదు. నాకు ఆ 91 అక్కర్లేదు. ఆట కోసం అన్ని గంటలు ఇచ్చాక కూడా తోటివాళ్ళతో సమానంగా డిగ్రీ తీసుకుంటున్నారంటే, మెసేజ్‌లోని మొదటి మాట నిలబడదు.

కానీ ఆ సగటు కింద ఒక అన్యాయం దాగి ఉంది. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఆటలకు పేరుపడ్డ 65 పెద్ద యూనివర్సిటీల లెక్కలు తీశారు. ఆరేళ్ళలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు మొత్తం విద్యార్థుల్లో 76 శాతం, నల్లజాతి మగ ఆటగాళ్ళలో 55 శాతం. కోట్ల డాలర్లు వచ్చే అమెరికన్ ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు), బాస్కెట్‌బాల్ జట్లలో ఎక్కువగా కనిపించేది ఈ పిల్లలే. ఆటే చదువును చెడగొట్టేదైతే పడవలు నడిపే అమ్మాయిలనీ చెడగొట్టాలి కదా? కానీ డిగ్రీ లెక్కల్లో ఆటలాడే అమ్మాయిలు అబ్బాయిలకంటే ఎప్పుడూ పైనే ఉంటున్నారు. డబ్బు ఎక్కడ ఎక్కువ వస్తుందో అక్కడే చదువు ఎక్కువగా దెబ్బతింటోంది. ఆ పిల్లల కష్టాన్ని చూపించి "ఆట చెడ్డది" అని తేల్చేస్తే, వాళ్ళ చదువుకు అడ్డుపడినవాళ్ళు తప్పించుకున్నట్టే.

రెండోది దొంగ క్లాసులు. ఇది జరిగింది. నార్త్ కరొలైనా యూనివర్సిటీ, చాపెల్ హిల్‌లో. 2014 అక్టోబర్‌లో బయటికొచ్చిన విచారణ నివేదిక ప్రకారం, 18 ఏళ్ళపాటు ఒక విభాగంలో క్లాసు జరగని క్లాసులు నడిచాయి. చివర్లో ఒక పేపర్ రాసిస్తే చాలు. దానికి గ్రేడ్ వేసింది కూడా చాలావరకు ఆఫీసు ఉద్యోగినే, ప్రొఫెసర్ కాదు. 3,100 మందికి పైగా విద్యార్థులు ఆ క్లాసులు తీసుకున్నారు. అందులో దాదాపు సగం ఆటగాళ్ళు. ఆ యూనివర్సిటీలో నూటికి అయిదుగురు కూడా లేని ఆటగాళ్ళు ఆ క్లాసుల్లో సగం ఉన్నారంటే వాళ్ళను కావాలనే అటు పంపారని అర్థం. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, ఆ నివేదిక చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే ట్యూటర్లుగా మేం చేరిన మొదటి రోజే మాకు చెప్పిన మాట, పిల్లల పేపర్ మీద మా పెన్ను పడకూడదని. తప్పు చూపించాలంటే వేలితో చూపించాలి, దిద్దుకునేది వాళ్ళే.

అయితే మెసేజ్ దాచిన సగం కూడా చెప్పాలి. ఆ 3,100 మందిలో మిగతా సగం ఏ ఆటా ఆడని మామూలు విద్యార్థులు. ఆ క్లాసులు అందరికీ తెరిచి ఉన్నాయన్న కారణంతోనే 2017లో ఎన్‌సీఏఏ ఆ యూనివర్సిటీకి శిక్ష వేయలేకపోయింది. విషయాన్ని బయటికి తెచ్చినవాళ్ళలో ఆటగాళ్ళకు చదవడం, రాయడం నేర్పిన ఉద్యోగిని ఒకామె ఉంది. ఆ క్లాసుల వల్ల ఎవరు నష్టపోయారని అడిగితే నేను ఆ ఆటగాళ్ళ పేర్లే ముందు చెబుతాను. చదువుకుంటావని చెప్పి తీసుకొచ్చి, చదువు చెప్పకుండా పంపేశారు.

మూడోది, చదువు రాకపోయినా సీటిస్తారన్నది. ఒకప్పుడు ఇది చాలావరకు నిజమే. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో ఆడి, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న డెక్స్‌టర్ మ్యాన్లీ 1989లో అమెరికా సెనేటర్ల ముందు కూర్చుని, కాలేజీ దాటేదాకా తనకు చదవడం రాదని కన్నీళ్ళతో చెప్పాడు. మ్యాన్లీ నోరు విప్పకముందే ఇలాంటివి వరసగా బయటపడబట్టే 1986 నుంచి ప్రవేశానికి కనీస మార్కుల నిబంధన వచ్చింది. ఇప్పుడు డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్య సబ్జెక్టులు పూర్తి చేయాలి, వాటి గ్రేడ్ల సగటు 4 పాయింట్లకు కనీసం 2.3 ఉండాలి. ఇదేమీ ఆకాశమంత ఎత్తు కాదు. గట్టి ప్రవేశాలుండే యూనివర్సిటీల్లో కోచ్ కోరిన పిల్లలకు మొగ్గు ఉంటుందన్నదీ నిజం. కానీ సీటు వచ్చాక ఊరికే కూర్చోనివ్వరు. రెండో ఏడు అయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏటికి 60, నాలుగో ఏటికి 80 శాతం పూర్తి కావాలి. లేకపోతే మైదానంలోకి దిగనివ్వరు. మామూలు విద్యార్థి రెండేళ్ళు సబ్జెక్టులు మారుస్తూ తిరిగినా అడిగేవాడు లేడు, ఆటగాడికి ఆ వెసులుబాటు లేదు. జట్టు మొత్తం చదువులో వెనకబడితే జట్టుకే శిక్ష. కనెక్టికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు 2011లో జాతీయ చాంపియన్. చదువు స్కోరు తగ్గినందుకు 2013లో అదే జట్టును టోర్నమెంట్‌కే రానివ్వలేదు.

నన్ను బాగా బాధపెట్టింది నాలుగో మాట, ఆటలో తిరిగే బుర్రకి పుస్తకం ఎక్కదన్నది.

నా దగ్గరికి ఒక ఈతగత్తె వచ్చేది. పొద్దున అయిదున్నరకి కొలనులో దిగి, పగలంతా క్లాసులు, సాయంత్రం మళ్ళీ ఈత, రాత్రి ఎనిమిదింటికి నా ముందు కూర్చునేది. జుట్టు తడి ఆరేది కాదు, నోట్సు మీద చుక్కలు పడి సిరా అలుక్కుపోయేది, ఆ బల్ల దగ్గరంతా క్లోరిన్ వాసన. స్టాండర్డ్ డీవియేషన్ అర్థం కావట్లేదని మూడు రోజులు కుస్తీ పట్టింది. నాలుగో రోజు పుస్తకం మూసేసి, నీ 100 గజాల టైమింగులు చెప్పమన్నాను. ఎనిమిది అంకెలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది, పాయింట్ తర్వాతి అంకెలతో సహా. సగటు తీయించాను. ఏ రోజు సగటుకి ఎంత దూరంలో ఈదిందో రాయించాను. పెన్ను ఆపి, "మా కోచ్ నిలకడ అని అరిచేది దీని గురించేనా?" అంది. దీని గురించే. ఆ సెమిస్టర్‌లో ఆ అమ్మాయికి "A" గ్రేడ్ వచ్చింది.

ఆ పిల్లలకు తక్కువైంది బుర్ర కాదు, టైము. వారానికి 20 గంటలకు మించి ప్రాక్టీసు చేయించకూడదని 1991 నుంచి నియమం ఉంది. కానీ ప్రయాణాలు, ఫిజియో దగ్గర గడిపేది, "ఇష్టమైతే రండి" అంటూ పెట్టే కసరత్తులు అందులోకి రావు. ఎన్‌సీఏఏ సొంత సర్వేల్లోనే డివిజన్ 1 పిల్లలు వారానికి 30 గంటలకు పైగా ఆటకు పోతున్నాయని చెప్పారు. పరీక్ష రోజు మ్యాచ్ పడితే వేరే ఊళ్ళో హోటల్ గదిలో, జట్టుతో వెళ్ళిన సలహాదారు ఎదురుగా కూర్చుని టైము చూస్తుంటే పరీక్ష రాస్తారు.

ఇంకో అబ్బాయి ఉండేవాడు, ఫుట్‌బాల్. మెకానికల్ ఇంజనీరింగ్ చదవాలని వచ్చాడు. ఆ ల్యాబులు మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా, ప్రాక్టీసు మూడింటికి. ప్రాక్టీసుకు అడ్డురాని కోర్సు చూసుకోమని సలహా ఇచ్చారు. జట్టులో చాలామంది ఉన్న కోర్సులోనే చేరాడు. నా క్లాసులో లెక్కలు అందరికంటే ముందు ముగించి, నోట్సు అంచున పళ్ళచక్రాలు గీసుకుంటూ కూర్చునేవాడు. ఆ అబ్బాయికి పుస్తకం ఎక్కలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మ్యాన్లీ సంగతి కూడా అంతే. ప్రొఫెషనల్‌గా ఆడుతున్న రోజుల్లో వాషింగ్టన్‌లో ఒక బడికి వెళ్ళి, పెద్దవాడయ్యాక చదవడం నేర్చుకున్నాడు. ఓపిగ్గా నేర్పేవాళ్ళు దొరికాక వచ్చింది, ఆట అడ్డం రాలేదు. ఫ్లోరిడా స్టేట్ ఫుట్‌బాల్ ఆటగాడు మైరన్ రోల్ 2008 నవంబర్‌లో పొద్దున, ఆక్స్‌ఫర్డ్‌లో చదివేందుకు ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి కూర్చుని, అది గెలిచి, అదే రోజు విమానమెక్కి మేరీలాండ్‌లో మ్యాచ్ మొదలయ్యాక వెళ్ళి ఆడాడు. ఇప్పుడాయన మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్. అందరూ రోల్ కాలేరు, నిజమే. కానీ "ఆ బుర్రకి ఎక్కదు" అని గంపగుత్తగా అన్నారు కాబట్టి, ఎక్కిన బుర్ర ఒకటి చూపించక తప్పలేదు.

ఇక ఆఖరిది, పదో తరగతితో ఆట ఆపేయమన్న సలహా. దీని వెనక భయం నాకు అర్థమవుతుంది. అమెరికాలో కాలేజీ ఆటలాడే 5 లక్షల పైచిలుకు మందిలో ప్రొఫెషనల్స్ అయ్యేది 2 శాతం లోపే. ఆటనే నమ్ముకోమని నేనూ ఎవరికీ చెప్పను. కింది స్థాయి అయిన డివిజన్ 3 కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్పే ఇవ్వరు, అయినా ఆ పిల్లలు ఆడుతూనే చదువుకుంటారు. మన దేశం నుంచి వెళ్ళిన తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో అకౌంటింగ్ చదువుతూ హైజంప్‌లో 2018లోనూ 2022లోనూ కాలేజీ జాతీయ చాంపియన్ అయ్యాడు, ఆ ఏడాదే కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకం తెచ్చాడు. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి టెన్నిస్ ఆడి వచ్చాక, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి బంగారు పతకం గెలిచాడు. సింధు మెహదీపట్నంలోని సెయింట్ ఆన్స్‌లో బీకాం, ఎంబీఏ చదివింది. వీళ్ళ పేర్లు చెప్పి మీ పిల్లలూ ఇంతవాళ్ళవుతారని ఊరించడం నా ఉద్దేశం కాదు. పదో తరగతి దగ్గర ఆపేసి ఉంటే చదువు బాగుపడేదన్న రుజువు ఎక్కడా లేదని చెప్పడానికే.

మావాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మరి ఇంటర్‌లో పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్సే కదక్కా, ఎప్పుడు ఆడుతుంది?" అన్నాడు. అసలు ప్రశ్న అది. పిల్ల బుర్ర గురించి కాదు, గంటల గురించి. వారానికి మూడు రోజులు సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా బయటికి పంపుతారా అని ప్రిన్సిపాల్‌ని అడగమన్నాను. యూనిట్ టెస్టులున్న వారం ఆట వద్దు, టోర్నమెంటున్న వారం టెస్టు తర్వాత రాయనివ్వాలి. ఇది నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకోమన్నాను. ఒప్పుకోకపోతే ఒప్పుకునే కాలేజీ వెతకమన్నాను, ఇంకా మొదటి సంవత్సరమే కదా.

పాప రాకెట్ కిట్టు అప్పటికే అటకెక్కించారట. ముందు అది దించమన్నాను.